డి మైనర్ నైన్‌లో డి తీసేస్తే అది ఇంకా డి మైనర్ నైనేనా?

కీబోర్డు మీద డి మైనర్ 9, జి 13, సి మేజర్ 9 కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వరస ప్రాక్టీస్ చేస్తున్నాను. బేస్ వాయించేవాళ్లు లేరు, ఒక్కణ్ణే. డి, ఎఫ్, ఏ, సి, ఇ ఐదూ పేర్చి ఇన్వర్షన్లన్నీ (అడుగున ఏ స్వరం ఉండాలో మార్చే అమరికలు) తిప్పి చూశా. ఇ అడుగుకి వచ్చే నాలుగో ఇన్వర్షన్‌లో ఇ, ఎఫ్ పక్కపక్కన పడి గొణుగుతున్నట్టుంది, మిడిల్ సి (కీబోర్డు మధ్యలోని సి) కిందకెళ్తే ఇక వినలేం.

దాంతో రూట్ (కార్డ్‌కి పేరిచ్చే స్వరం, ఇక్కడ డి) వదిలేసి ఎడమ చేత్తో మిడిల్ సి నుంచి పైకి సి, ఇ, ఎఫ్, ఏ పట్టాను. ఇది భలే సుఖం, సి ఒక్కటి బి కి దించితే చాలు జి 13 వచ్చేస్తోంది, మిగతా మూడు వేళ్లు కదలక్కర్లేదు. కానీ డి లేకపోయేసరికి చెవికి ఎఫ్ మేజర్ 7 రెండో ఇన్వర్షన్‌లానే ఉంది, కార్డ్ యాప్ కూడా అదే పేరు చూపిస్తోంది. ముందు కింద డి కొట్టి పెడల్ తొక్కిపట్టి ఆ కార్డ్ వాయిస్తే మైనర్ రంగు వస్తోంది, పెడల్ వదిలితే మళ్లీ మామూలే. కుడి చెయ్యి మెలొడీకే సరిపోతోంది.

బేస్ లేకుండా ఒక్కరే వాయించేటప్పుడు ఈ రూట్ లేని పట్టుతోనే డి మైనర్ 9 అని వినిపించేలా చేయొచ్చా, లేక ఎడమ చేత్తో రూట్, సెవెంత్ (సి) మాత్రమే పట్టి నైంత్‌ని (ఇ) కుడి చేతికి ఇచ్చేయాల్సిందేనా?