"యథాతథ స్థితి" అంటే ఏ రోజు స్థితి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా, సిమిలిగుడ. జిరాక్స్ షాపు పెట్టుకుని ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపుతుంటాను. ఒక మాట గురించి ఇక్కడ పెద్దల్ని అడగాలని వారం నుంచి అనుకుంటున్నా, ఇవాళ కరెంటు పోయి షాపు ఖాళీగా ఉంది కాబట్టి ఫోన్లోనే టైప్ చేస్తున్నా, పొడుగైతే ఓపిక పట్టండి.

ఆ మాట "యథాతథ స్థితి". పేపర్లో రోజూ కనపడేదే. కోర్టు యథాతథ స్థితి కొనసాగించమంది, రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు యథాతథం, ఇలా. ఇంగ్లీషు వాళ్ళు స్టేటస్ కో అనేదానికి మనవాళ్ళు పెట్టుకున్న మాట. నేనూ ఇన్నేళ్ళు అర్థం తెలుసనే అనుకున్నా.

పోయిన వారం కొటియా వైపు నుంచి ఒకాయన కూతుర్ని తీసుకుని షాపుకొచ్చాడు. ఆ పిల్లకి హాస్టల్ సీటు కోసం రెసిడెన్స్ సర్టిఫికెట్ కావాలి. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పరిచాడు, ఒడిశా రేషన్ కార్డు, ఆంధ్రా రేషన్ కార్డు, రెండు వైపుల ఓటరు కార్డులు. ఏది తియ్యమంటావు బాబూ అన్నాడు. అన్నీ ప్రభుత్వాలు పిలిచి ఇచ్చినవే, దొంగ కాగితం ఒక్కటి లేదు, అయినా ఒకటి బయటికి తీస్తే రెండోది కవరు అడుక్కి తొయ్యాల్సిందే, ఆ తొయ్యడం ఆయన చేతికి ఎంత అలవాటైపోయిందో చూస్తే నాకు మనసు కలుక్కుమంది. అంతకు ముందు వెళ్ళిన ఆఫీసులో ఎవరో "మీ ఊళ్ళకి స్టేటస్ కో ఉంది, ఆగాలి" అన్నారట. అదేటి అని నన్ను అడిగాడు. నేను చాలా తెలిసినవాడిలాగ, ఉన్నది ఉన్నట్టు ఉంచమని సుప్రీంకోర్టు చెప్పింది, అదే యథాతథ స్థితి అన్నాను.

"ఎప్పుడున్నది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. "ఆ కేసు ఏసినప్పటికి నేను పుట్టనేదు, ఇప్పుడు నా కూతురు పై సదువుకి ఎల్తంది, మరి ఎప్పుడు ఉన్నట్టు ఉంచాల?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కొటియా దగ్గర 21 ఊళ్ళు మావి అంటే మావి అని ఒడిశా, ఆంధ్రా ఎప్పటినుంచో పట్టుబట్టి ఉన్నాయి. ఒడిశా లెక్కలో అవి కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు, ఆంధ్రా లెక్కలో సాలూరు మండలం, అంటే మొన్నటిదాకా విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న, ఆంధ్ర రాష్ట్రం 1953లో. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది, అప్పుడే యథాతథ స్థితి అన్నారు. 2006లో కోర్టు ఆ దావా ముగిస్తూ, తగువు తేలేదాకా అదే స్థితి ఉండాలంది. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే కోర్టు ధిక్కారం అని ఒడిశా మళ్ళీ కోర్టుకెక్కింది. ఉండేది ఎక్కువగా కొండ మీద ఆదివాసీలు, ఇంట్లో కువి, సంతకి సాలూరు వస్తే తెలుగు, ఇటు వస్తే దేశియా, ఒడియా. ఎస్టీ జాబితా కూడా రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం రాష్ట్రానికొకటి, అందుకని కుల సర్టిఫికెట్ దగ్గరా మళ్ళీ అదే ప్రశ్న, నువ్వు ఏ రాష్ట్రం?

ఇక మాట సంగతి. ఆ రాత్రి అమరకోశం తీశాను, మా తాతగారి పుస్తకం, అట్ట ఊడిపోయింది. అవ్యయవర్గంలో "మృషా మిథ్యా చ వితథే యథార్థం తు యథాతథమ్" అని ఉంది. అంటే అమరసింహుడి లెక్కలో యథాతథం అంటే యథార్థం, నిజం! దానికి ఎదురు మాట వితథం, అబద్ధం. తథ్యం అన్న మాట కూడా ఆ తథా లోంచి వచ్చిందే. నిజానికి సంబంధించిన మాటని మనం కదలకపోవడానికి వాడుకుంటున్నాం. నిజం ఏదో తేల్చని చోటే మనవాళ్ళు యథాతథం అని రాస్తున్నారు, ఇది నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇంకోటి. 2020 జూన్ 15న లద్దాఖ్ గల్వాన్ లోయలో చైనా వాళ్ళతో ఘర్షణలో మన సైనికులు 20 మంది పోయారు, సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గారు అందులోనే, ఒడిశా కుర్రాళ్ళు ఇద్దరు, ఒకరిది కంధమాల్ జిల్లా. మర్నాడు మన విదేశాంగ శాఖ, చైనా ఏకపక్షంగా అక్కడి స్టేటస్ కో మార్చాలని చూసింది అంది. తర్వాత నెలల తరబడి మన వాళ్ళు అడిగింది ఏప్రిల్ నాటి స్థితి, దాన్ని స్టేటస్ కో యాంటీ అంటారు, యుద్ధాలయ్యాక సంధి రాసుకునేటప్పుడు పుట్టిన లాటిన్ మాట, యుద్ధానికి ముందు ఎలా ఉందో అలా అని. తెలుగులో రెండిటికీ యథాతథ స్థితి అనే రాసిన వార్తలు నేనే చదివాను. ఇప్పుడున్నట్టు ఉంచు అనడానికీ, ముందున్నట్టు చెయ్యి అనడానికీ మధ్య ఎన్ని కిలోమీటర్ల నేల ఉంటుందో ఆలోచించండి. పూర్వస్థితి అనో యథాపూర్వం అనో రాస్తే సరిపోయేది కదా.

ఒడియా పేపర్లో స్థితావస్థ అని రాస్తారు, పలికేది స్థితాబస్థా. నిలబడిపోయిన అవస్థ. తెలుగు చెవికి అవస్థ అంటే బాధ కూడా కాబట్టి నాకు ఆ మాటే దగ్గరగా అనిపిస్తుంది.

నా ప్రశ్న: పల్లెలో మనిషికి అర్థమయ్యేలా దీనికి తెలుగు మాట ఉందా? "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అంటాం గానీ అది పని జరగలేదని దెప్పడం, కోర్టు ఆజ్ఞకి అతకదు. చెప్పండి.

జవాబు, సిరోంచ నుంచి:
అన్నా, మాది గడ్చిరోలి జిల్లా. మా దిక్కు తెలుగే మాట్లాడుతరు గని కాగితం మాత్రం మరాఠీలనే వస్తది. మరాఠీ పేపర్ల దీన్ని "జైసే థే" అని రాస్తరు. అది నిజానికి హిందీ ముచ్చట, ఎన్‌సీసీ చేసినోళ్ళకు తెలుస్తది, కవాతుల ఒక ఆర్డర్ ఇచ్చి తప్పయితే "జైసే థే" అని అరుస్తరు, ముందుగాల ఎట్ల నిలబడ్డరో అట్ల నిలబడుమని. నువ్వు చెప్పిన ఆ ముందటి స్థితి, ఇప్పటి స్థితి పంచాయితీ ఇండ్ల గూడ ఉన్నది సూడు.

రెండు కార్డుల ముచ్చట మీకాడనే కాదన్నా. పక్క జిల్లా చంద్రపూర్ల జివతి తాలూకా 14 ఊర్లు మహారాష్ట్రయి అంటే తెలంగాణయి అని ఇప్పటికీ నడుస్తుంది. ఒక్క ఊర్ల రెండు బడులు, ఒకటి మరాఠీ ఒకటి తెలుగు. రెండు దిక్కుల ఓట్లు.

మాకు ఇంకో తీరు. 2016 ఆగస్టుల రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు సంతకం పెట్టుకున్నరు, గోదావరి మీద మేడిగడ్డ కాడ కట్టే బ్యారేజీకి నీళ్ళ మట్టం 100 మీటర్లు అని. 2019ల బ్యారేజీ మొదలైంది. కట్టింది అవుతలి సర్కారు, నీళ్ళు నిలబడ్డది ఇవుతల మా చేన్ల. పరిహారం కోసం మావోళ్ళు దీక్షలు చేసిన్రు. ఒప్పందం కాగితం మీద మట్టం ఒక అంకె, మాకైతే పత్తి చేను. అందుకే నేనంట, మాట ఏదన్న పెట్టున్రి గని అండ్ల ఎవలి సంగతో తెలువాలె.

జవాబు, సాలూరు నుంచి (రిటైరైన కోర్టు అనువాదకుణ్ణి):
బాబూ, మంచి ప్రశ్న వేశావు. ముప్ఫై ఏళ్ళు ఈ మాట నా చేత్తో రాశాను కాబట్టి చెప్తాను. ఆ పెద్దమనిషి అడిగింది న్యాయశాస్త్రంలో అసలు ప్రశ్న. చిన్న కోర్టులో గట్టు తగాదా అయినా, మంచి జడ్జి అయితే "ఫలానా తేదీ నాటికి ఉన్న స్థితి" అని తేదీ వేస్తారు. తేదీ లేకుండా ఒక్క మాటే పడిందనుకో, ఇద్దరూ బయటికొచ్చి నాదే స్వాధీనం అంటే నాదే అంటారు, రాత్రికి రాత్రి కంచె జరుగుతుంది. పేపర్లో రాసేటప్పుడు ఆ తేదీ ముక్క ఎగిరిపోతుంది, అక్కడ తప్పు మా అనువాదకులదీ ఉంది, ఒప్పుకుంటున్నాను.

ఇంకో సంగతి గమనించు. ఈ ఆజ్ఞ చెప్పేది కక్షిదారులకి. రాజ్యాంగం 131వ అధికరణం కింద వేసే దావాలో కక్షిదారులు ప్రభుత్వాలే, ఊళ్ళో మనిషికి అందులో చోటే లేదు. హద్దు మార్చే అధికారం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుది, అక్కడా ఆ ఊరివాడు పిటిషనుదారు కాడు. అంచేత "మీకు స్టేటస్ కో ఉంది, ఆగండి" అని ఆ ఆఫీసులో అన్నవాళ్ళు మాటని తప్పు మనిషి మీద పెట్టారు. రాష్ట్రాలు కదలకూడదు అన్న మాట, ఆడపిల్ల సర్టిఫికెట్ కదలకూడదు అన్నట్టు ఎలా అయింది? నాకు ఇది చాలా బాధగా ఉంది.

మాట అడిగావు కాబట్టి, మా నాన్నగారి కాలంలో పల్లె పెద్దలు గట్టు తగువులో "తీర్పయ్యేదాకా ఎవరూ రాయి జరపకండి" అనేవారు. రాయి అంటే హద్దురాయి. ఎవరికి చెప్తున్నారో, ఏం చెయ్యకూడదో, ఎప్పటిదాకానో, మూడూ అందులో ఉన్నాయి.

నా జవాబు:
మాష్టారూ, మీకు దండాలు. ఈ రాయి మాట కోసమే ఇంత టైప్ చేసినట్టయింది. సిరోంచ తమ్ముడూ, జైసే థే సంగతి నాకు అస్సలు తెలీదు, మా అబ్బాయి ఎన్‌సీసీలో ఉన్నాడు, అడిగితే అవును నాన్నా అని నవ్వాడు.

ఇవాళ పొద్దున ఆయన మళ్ళీ వచ్చాడు. మాష్టారు చెప్పినదే చెప్పాను, రాయి జరపొద్దని చెప్పింది రెండు ప్రభుత్వాలకి, నీకు కాదు, నీ పిల్ల కాగితం ఆపమని ఎవరూ అన్లేదు అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి ఈ ముక్క ఆ ఆఫీసులో కాగితం మీద రాసి ఇస్తావా" అన్నాడు. ఒడియాలో ఒక పేజీ అర్జీ రాసి, 1968 అనీ 2006 అనీ రెండు తేదీలూ వేసి, కింద ఆయన పేరు రాశాను. చదువు రాదనుకుని స్టాంపు ప్యాడ్ ముందుకి జరిపితే, వద్దని పెన్ను అడిగి తెలుగులో సంతకం పెట్టాడు. సాలూరు వైపు బడిలో మూడో తరగతి దాకా చదివాడట.

కువి తెలిసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, హద్దురాయిని ఆ భాషలో ఏమంటారో చెప్పండి. సోమవారం ఆయన మళ్ళీ వస్తానన్నాడు, ఆయన్నీ అడుగుతాను.