66 ఎంజీబీ మీటర్లు: డయల్ కొత్తగా ప్రింటు వేయించాలా, పాతదే ఉంచాలా?

నాలుగో లైను (బ్రాడీపేట)
1966 ఎంజీబీ, బ్రిటిషు స్పోర్ట్సు కారు. దాని స్మిత్స్ కంపెనీ మీటర్లు విప్పి బల్ల మీద పెట్టాం. స్పీడో డయల్ మీద 30 నుంచి 50 దాకా అంకెలు పొట్టు లేచాయి. విప్పకముందు ముల్లు 40 దగ్గర వణికేది. పెట్రోలు సగం ట్యాంకు ఉన్నా మీటరు ముక్కాలు చూపిస్తుంది, ఇంజను స్టార్టు చేస్తే ఫుల్లుకు పోతుంది. ఆయిల్ ప్రెషరు, నీళ్ల వేడి కలిపి ఉండే మీటరులో వేడి ముల్లు లేవట్లేదు. ముందు డయల్ సంగతి తేల్చండి.

పటమట పానా
పాతదే ఉంచండి. అద్దాన్ని పట్టి ఉంచే రింగుకు లోపల చెవులుంటాయి, డబ్బా అంచున గాట్లుంటాయి. రింగు తిప్పి చెవులు గాట్లకు ఎదురొచ్చాక లాగాలి. రాకపోతే స్క్రూడ్రైవరు దూర్చొద్దు, ఒకసారి సొట్టపోయిన రింగు మళ్లీ గుండ్రం రాదు. లోపలి రబ్బరు రాయిలా అయి ఉంటుంది, తీసి పారేయండి.

డయల్‌కి థిన్నరు, పెట్రోలు తగలనివ్వొద్దు, అంకెలు దూదితో పాటే వచ్చేస్తాయి. గ్లాసుడు నీళ్లలో చుక్క షాంపూ కలిపి, దూదిపుల్ల ముంచి పిండి, ముందు రింగు చాటున పోయే అంచు మీద రాసి చూడండి. మట్టి రంగు వస్తే మురికి. నల్లగా వస్తే పెయింటు, అక్కడితో ఆపేయండి.

ఆటోనగర్ అబ్బాయి
అంకె కనపడని మీటరు గోడకు తగిలించుకోవాలా మాస్టారూ? ప్రింటు వేయించండి, కానీ స్క్రీన్ ప్రింటే. ఇంక్‌జెట్ స్టిక్కరు వద్దు. టాపు లేని బండి, మన ఎండలు, నలుపు కాస్తా ఊదారంగుకు తిరుగుతుంది.

ముల్లు తీసేటప్పుడే అందరూ తప్పు చేస్తారు. సున్నా దగ్గర చిన్న పిన్ను ఉంటుంది. ముల్లుని మెల్లగా ఎత్తి పిన్ను దాటించి వదలండి. స్ప్రింగు వదులై అది సున్నా కంటే కిందకి పోయి ఆగుతుంది. ఆగినచోట గుర్తు పెట్టుకోండి. తర్వాత అట్టముక్క వేసి రెండు టీస్పూన్లతో రెండువైపులా సమంగా లేపండి. బిగించేటప్పుడు ఆ గుర్తు దగ్గరే నొక్కి, పైకెత్తి పిన్ను మీద కూర్చోబెట్టాలి. నేరుగా సున్నా దగ్గర నొక్కితే బండి ఎంతలో పోయినా మీటరు ఎక్కువే చూపిస్తుంది. ముల్లుకి తెలుపు వేస్తే ఒక్క పల్చటి పూత చాలు, బరువెక్కితే తూకం తప్పుతుంది.

పటమట పానా
అదంతా సరే. డయల్ అడుగున చిన్న అంకె ఉంటుంది చూశారా? 1000 అని ఉంటే మైలుకు, గేరుబాక్సు నుంచి మీటరుకు వచ్చే కేబుల్ వెయ్యి చుట్లు తిరగాలని లెక్క. బజార్లో దొరికే ప్రింటు సెట్టు మీద ఏదో ఒక అంకె అచ్చేసి ఉంటుంది. లోపలి మిషను వేరే అయితే? రేపు విప్పినవాడు ఆ అంకె నమ్మి మొత్తం కెలుకుతాడు.

ఆటోనగర్ అబ్బాయి
ఆ ఆవగింజంత అంకె ఎవరు చూస్తారండీ?

పటమట పానా
చూడాల్సినవాడు చూస్తాడు. కేబుల్ మీటరు వైపు ఊడదీసి లోపలి తీగ కొసకి అట్టతో కత్తిరించిన ముల్లు గుచ్చండి. బండి న్యూట్రల్‌లో పెట్టి సరిగ్గా 52.8 అడుగులు, అంటే 16 మీటర్ల 9 సెంటీమీటర్లు, తిన్నగా తోయండి. చుట్లు లెక్కపెట్టి వందతో గుణించండి. పది చుట్లు తిరిగితే 1000. టైరు సైజు మారినా ఇందులోనే తేలిపోతుంది.

కొత్తపేట కుర్రాడు
మరి వణుకుడు సంగతి?

ఎర్త్ వైరు
అది కేబులే. ఎక్కడా ఆరంగుళాల వ్యాసార్థం కంటే బిగువుగా వంగకూడదు. తీగ బయటికి లాగి పల్చగా గ్రీజు పూయండి, మీటరు వైపు చివరి జానెడు మాత్రం పొడిగా వదిలేయండి. గ్రీజు పైకి పాకి లోపలి అల్యూమినియం గిన్నెకి అంటితే ముల్లు ఇష్టమొచ్చినట్టు ఎక్కుతుంది.

పెట్రోలు ముల్లుది స్టెబిలైజరు జబ్బు, అంటే మీటరుకు వెళ్లే వోల్టేజీని నిలకడగా ఉంచే డబ్బాది. సగటున 10 వోల్టులు ఇవ్వాల్సింది బ్యాటరీ మొత్తం పంపేస్తోంది, అందుకే ఇంజను తిరిగితే ఇంకా లేస్తుంది. ముందు స్టెబిలైజరు డబ్బా ఎర్త్ తుప్పు గీకి చూడండి. పోయిందనుకుంటే దాని బదులు 7810 అనే 10 వోల్టుల రెగ్యులేటరు ఐసీ పెట్టమంటారు అందరూ. ఆగండి! 66 బండి అంటే పాజిటివ్ ఎర్త్, బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది, ఎవరూ మార్చకపోతే. దానికి 7910 కావాలి. కాళ్ల వరుస వేరు. ఆ ఐసీ వెనక రేకు ఎర్త్ కాదు, ఇన్‌పుట్. కరెంటు పారనివ్వని మైకా ముక్క మధ్యలో లేకుండా బాడీకి బిగిస్తే షార్టే.

ఆటోనగర్ అబ్బాయి
డయల్ విప్పారు కదా, పనిలో పనిగా మైళ్ల చక్రాలు కూడా సున్నాకి తిప్పేయండి. ఇంజను ఓవర్‌హాలింగ్ అయింది, మీటరు కొత్తది. లెక్క కూడా కొత్తగా మొదలవ్వాలి.

పటమట పానా
అదీ సంగతి! ఇప్పటిదాకా అంకెలు కనపడట్లేదన్నారు, ఇప్పుడు ఉన్న అంకెలే చెరిపేయమంటున్నారు.

ఆటోనగర్ అబ్బాయి
నోరు పారేసుకోకండి. ఐదంకెల మీటరు, లక్ష దాటితే అదే సున్నాకొస్తుంది. మధ్యలో కేబుల్ తెగి ఎన్నేళ్లు తిరిగిందో ఎవడికి తెలుసు? ఆ అంకెలో నిజం ఎప్పుడో పోయింది. రాత్రింబవళ్లు కూర్చుని పని చేసేది మేము, దొంగలన్న పేరు కూడా మాకేనా?

పటమట పానా
నిజం పోయిందని అబద్ధం రాస్తామా? చేత్తో తిప్పిన చక్రాలు దాగవు. అంకెలు ఒక వరుసలో నిలబడవు, పళ్ల పక్కన సూది గీతలుంటాయి. "తక్కువ తిరిగింది" అని నాకు అంటగట్టిన బండిలో ఆ గీతలే చూశాను, డబ్బు కట్టాక.

లక్ష్మీపురం
ఇద్దరూ ఆగండి. నాలుగో లైను గారూ, బండి ఉంచుకుంటారా, అమ్ముతారా?

నాలుగో లైను (బ్రాడీపేట)
అమ్ముదామనే. అందుకే డయల్ అడిగా.

పటమట పానా
ఆ ముక్క మొదటి లైనులో రాయాల్సింది. ప్రింటు వేయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చక్రాలు ముట్టుకోవద్దు. ఉన్న రీడింగు ఫొటో తీసి కొనేవాడికి ఇవ్వండి, పాత డయల్ కూడా కవర్లో పెట్టి ఇవ్వండి.

ఆటోనగర్ అబ్బాయి
పాత డయల్ ఇస్తే బేరం అక్కడే సగం తెగుతుంది. మీరు కొనేవాడి తరఫున మాట్లాడుతున్నారు, అంతే.

పటమట పానా
అవును, అంతే.

ఎర్త్ వైరు
వేడి ముల్లు ఎవరికీ పట్టలేదు. ఆ బండిలో దానికి కరెంటుతో పని లేదు, సన్నటి గొట్టంలో ఈథరు, అంటే ఇట్టే ఆవిరయ్యే ద్రవం, ఉంటుంది. గొట్టం చివర ఇంజనులో దూరే లోహపు బుడ్డిని (దీన్నే బల్బు అంటారు) వేడినీళ్లలో పెట్టండి. కదలకపోతే ఈథరు పోయినట్టే. వేరే ఈథరు మీటరు నుంచి బల్బూ గొట్టమూ కోసి అతకొచ్చు. అతికేంతసేపూ బల్బు ఐసు, ఉప్పు కలిపిన గిన్నెలో ఉండాలి. మంట పెట్టొద్దు, సోల్డరింగ్ ఐరనే.

నాలుగో లైను (బ్రాడీపేట)
పెట్టి చూశా. కదల్లేదు. అంబాసిడర్ మీటరు పనికొస్తుందా?

ఎర్త్ వైరు
గొట్టం ఉన్నదైతే చూడొచ్చు. వెనక వైర్లుంటే వద్దు.