ఒక్క పాయింటు తేడా రగ్బీ మ్యాచ్: స్టాండ్స్‌లో కూర్చుని ఏం చూడాలి?

మెల్‌బోర్న్ మావయ్య

2027 అక్టోబరు 1న ఆస్ట్రేలియాలో రగ్బీ ప్రపంచకప్ మొదలవుతుంది. ఇక్కడే ఉంటున్నాం కాబట్టి ఏదో ఒక నాకౌట్ మ్యాచ్‌కి వేరే ఊరైనా సరే వెళ్దామని ఆలోచన. ట్రై (బంతిని ఎదుటివాళ్ల గోల్ లైన్ దగ్గర నేలకి ఆనించడం), కన్వర్షన్ (ట్రై తర్వాత పోస్టుల మధ్యకి కొట్టే కిక్), స్క్రమ్ (రెండు జట్లూ ఎదురెదురుగా వంగి బంతి కోసం నెట్టుకోవడం) అంటే ఏంటో తెలుసు. కానీ టీవీలో కామెంటేటర్ విడమరిచి చెబుతాడు, రీప్లే వేస్తారు. స్టేడియంలో మనకి చెప్పేవాళ్లెవరు? 2023 సెమీఫైనల్లో ఇంగ్లండ్ దాదాపు మ్యాచ్ అంతా ముందుండి, ఆఖరి మూడు నిమిషాల్లో దక్షిణాఫ్రికాకి 16-15తో సమర్పించుకుంది. అలాంటి మలుపు వస్తోందని సీట్లో కూర్చున్నవాడు ముందే పసిగట్టాలంటే దేనిమీద కన్నేయాలి? సీటు ఎక్కడ మంచిది?

లూజ్‌హెడ్ లింగం

మావయ్యా, ముందు స్కోరుబోర్డు లెక్క. ట్రైకి 5, కన్వర్షన్‌కి 2, మొత్తం 7. కాబట్టి ఆధిక్యం 7 లోపుంటే ఒక్క దెబ్బకి మ్యాచ్ తిరగబడొచ్చు. 8 అయితే ఎదుటివాళ్లు రెండుసార్లు రావాల్సిందే. మీరు చెప్పిన మ్యాచ్‌లో ఇంగ్లండ్ తరఫున ఓవెన్ ఫారెల్ నాలుగు పెనాల్టీలు (ఎదుటివాళ్ల తప్పుకి దక్కే కిక్), 53వ నిమిషంలో ఒక డ్రాప్ గోల్ (ఆట నడుస్తుండగా బంతిని నేలకి వదిలి, లేవగానే పోస్టుల మధ్యకి కొట్టేది) కొట్టి 15-6 చేశాడు. 69లో ఆర్‌జీ స్నైమన్ ట్రైతో 15-11. అందరికీ గుర్తుండేది ఆ ట్రై, తర్వాత హాండ్రే పోలార్డ్ దాదాపు హాఫ్‌వే దగ్గర్నుంచి కొట్టిన పెనాల్టీ. నన్నడిగితే అసలు మలుపు ఆ రెంటికీ మధ్య పోలార్డ్ కొట్టిన కన్వర్షన్. అది తప్పి ఉంటే తేడా 4 దగ్గరే ఆగేది, 3 పాయింట్ల పెనాల్టీతో పని జరిగేది కాదు.

ఆ టోర్నీలో దక్షిణాఫ్రికా మూడు నాకౌట్లూ ఒక్కో పాయింటుతోనే గెలిచింది, మూడింట్లోనూ కన్వర్షన్ పాత్ర ఉంది. క్వార్టర్స్‌లో (29-28) ఫ్రాన్స్ కిక్కర్ తోమా రామోస్ కన్వర్షన్‌ని చెస్లిన్ కోల్బీ పరుగెత్తుకొచ్చి అడ్డుకున్నాడు. కిక్కర్ బంతివైపు కదలడం మొదలుపెట్టగానే గోల్ లైన్ మీదున్న వాళ్లకి ఉరికే హక్కుంటుంది, పెనాల్టీ కిక్‌కి ఆ హక్కు లేదు. ఫైనల్లో (12-11) న్యూజీలాండ్ ఆటగాడు బోడెన్ బారెట్ ట్రై తర్వాత రిచీ మోఉంగా కన్వర్షన్ తప్పింది. అందుకే ట్రై పడగానే కేరింతలు కొడుతూ కన్వర్షన్ వదిలేయకండి. ట్రై వేసినవాడు బంతిని నేలకి ఆనించిన చోటికి ఎదురుగానే కన్వర్షన్ కొట్టాలి. మూలన పడ్డ ట్రైకీ, పోస్టుల కింద పడ్డ ట్రైకీ కష్టంలో బోలెడు తేడా.

ఇక స్క్రమ్. రెండో సగంలో ఫ్రంట్ రో (స్క్రమ్‌లో ముందు వరస) వాళ్లని మారుస్తారు. మార్చాక పడే మొదటి స్క్రమ్‌ని తప్పకుండా చూడండి. బంతి ఎటు పోయిందో అనవసరం, ప్రాప్‌ల (ఆ వరసకి రెండు చివర్లా ఉండేవాళ్లు) నడుములు చూడాలి. నడుము పక్కకి జారి ఒంకరగా నెడుతున్నారా, ఎవరి పాదాలు వెనక్కి జరుగుతున్నాయి, ఎవరు ముందుగా పైకి లేచిపోతున్నారు అన్నవి పై స్టాండ్ నుంచి కూడా కనిపిస్తాయి. సెమీస్‌లో ఆక్స్ ఎన్‌చే బెంచి మీద నుంచి వచ్చాక ఇంగ్లండ్ స్క్రమ్ కుదేలవడం మొదలైంది. గెలుపు పెనాల్టీ వచ్చింది కూడా స్క్రమ్‌లోనే. వరసగా రెండు స్క్రమ్‌లు ఒకవైపే వంగాయంటే మూడోదానికి పెనాల్టీ రావడం దాదాపు ఖాయం అనుకోండి, ఎందుకంటే రిఫరీ మనసులో అప్పటికే బలమైన జట్టేదో ముద్ర పడిపోయి ఉంటుంది. (న్యాయమా కాదా అన్నది వేరే గొడవ.)

పై అంతస్తు

హాఫ్‌వే లైన్ పక్కన కింది వరసల్లో కూర్చోకండి. ధరా ఎక్కువే, పైగా మనుషుల గుంపు తప్ప ఏమీ కనపడదు, లోతు తెలీదు. నా ఓటు పోస్టుల వెనక, ఎత్తైన వరసకి. అక్కడ్నుంచి డిఫెన్స్ గీత మొత్తం కనిపిస్తుంది. వెనక కాపలాకి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవచ్చు. మామూలుగా ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఫుల్‌బ్యాక్ (అందరికన్నా వెనక ఉండే ఆటగాడు) ముందు గీతలోకి వచ్చేశాడంటే వెనక ఖాళీ పడినట్టే, ఎదుటి జట్టులో మంచి ఫ్లై హాఫ్ (దాడిని నడిపించేవాడు) వెంటనే అక్కడికి తన్నుతాడు.

గోల్ కిక్‌లకీ అదే చోటు. పక్క స్టాండ్ నుంచి దూరం తెలుస్తుంది గాని దిశ తెలీదు. అక్కడ కూర్చోవాల్సి వస్తే బంతిని కాక పోస్టుల కింద నిలబడ్డ ఇద్దరు అసిస్టెంట్ రిఫరీల్ని చూడండి. జెండాలు లేచాయంటే గోల్, లేవకపోతే పోయినట్టే.

వార్మప్ సమయానికే సీట్లోకి చేరుకోండి. కిక్కర్ పోస్టులకి ఎంత దూరం దాకా సునాయాసంగా కొడుతున్నాడో, ఎక్కడ్నుంచి బంతి కురచబడుతోందో గుర్తుపెట్టుకోండి. హాఫ్‌వే గీత గోల్ లైన్‌కి 50 మీటర్లు, దానికి ఇటున్న చుక్కల గీత 40, ఆ తర్వాతది 22. కిక్కర్ హద్దు తెలిస్తే, పెనాల్టీ పడగానే పోస్టులకి కొడతాడా, టచ్‌కి (పక్క గీత బయటికి) తన్ని లైనౌట్ (బంతిని బయటినుంచి రెండు జట్ల వరసల మధ్యకి విసిరి ఆట మొదలుపెట్టడం) తీసుకుంటారా అన్నది కెప్టెన్ చెప్పకముందే మీకు తెలిసిపోతుంది.

గడియారం గోపి

సీటు విషయంలో పై అంతస్తు గారితో పూర్తిగా ఏకీభవించను. వెనక నుంచి చూస్తే బంతి ముందుకి జరుగుతోందా, ఉన్నచోటే ఉందా తెలీదు. 22 గీతకి ఎదురుగా, పక్క స్టాండ్ మధ్య ఎత్తులో అయితే రెండూ కొంత కొంత దొరుకుతాయి.

చివరి పది నిమిషాలకి రిఫరీ చేతులు నేర్చుకోండి, అంతకన్నా దారి లేదు. చెయ్యి నడుము ఎత్తులో అడ్డంగా చాపి ఆట సాగనిస్తే అడ్వాంటేజ్ (ఎదుటి జట్టు తప్పు చేసినా, నష్టపోయిన జట్టుకి లాభం వస్తుందేమో చూడడం). అది పెనాల్టీ అడ్వాంటేజ్ అయితే ఆ జట్టు ఎంత సాహసమైనా చేస్తుంది, పోతే వెనక్కి వచ్చి పెనాల్టీ తీసుకోవచ్చు కదా. అప్పుడు కొట్టిన డ్రాప్ గోల్ చూసి తొందరపాటని తిట్టుకోకండి. చెయ్యి మడవకుండా ఏటవాలుగా పైకి చాపితే పెనాల్టీ. మోచెయ్యి మడిస్తే ఫ్రీ కిక్, దాంతో పోస్టులకి కొట్టడానికి లేదు. ముంజేతులు అడ్డంగా ఒకదానిమీద ఒకటి పెడితే ఎల్లో కార్డు, కానీ అది రెడ్ అవ్వాలా అని వేరేచోట కూర్చున్న అధికారి వీడియోలు చూస్తాడని అర్థం. 2023 ఫైనల్లో న్యూజీలాండ్ కెప్టెన్ సామ్ కేన్‌కి జరిగింది ఇదే.

80 నిమిషాలు నిండగానే ఆట ఆగదు, బంతి డెడ్ అవ్వాలి (అంటే టచ్‌కి పోవడమో, రిఫరీ ఆట ఆపడమో జరగాలి). కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. సమయం నిండకముందే బంతి బయటికి వెళ్తే ఆ లైనౌట్ వేయాల్సిందే. అందుకే ముందున్న జట్టు 79:50కి టచ్‌కి తన్నదు, రక్ (కిందపడ్డవాడి బంతి మీద రెండు జట్లూ నిలబడి నెట్టుకోవడం) వెనక రక్ పేర్చుకుంటూ గంట మోగేదాకా లాగుతుంది. సమయం అయ్యాక పెనాల్టీ వస్తే మాత్రం టచ్‌కి తన్ని లైనౌట్ ఆడొచ్చు. పోస్టులకి కొట్టే పెనాల్టీకి 60 సెకన్లు ఇస్తారు, ఆ సేపూ మ్యాచ్ గడియారం తిరుగుతూనే ఉంటుంది. ముందున్న జట్టు కిక్కర్ సాక్సు సర్దుకుంటుంటే బద్ధకం అనుకోకండి.

ఆఖరి దాడి అంటే 2023 క్వార్టర్స్‌లో న్యూజీలాండ్ మీద ఐర్లండ్ చేసిందే. 28-24తో వెనకబడి 37 ఫేజులు (ఒక రక్ నుంచి ఇంకో రక్ దాకా సాగే ఆట) ఆడింది. అలాంటప్పుడు బంతి పట్టుకుని పడ్డవాడి దగ్గరికి సొంతవాళ్లు ఎంత త్వరగా చేరుతున్నారో చూడండి. అలసటతో వాళ్లు అర క్షణం ఆలస్యమైతే చాలు, ఎదుటివాడు కాళ్లమీద నిలబడి బంతి మీద చేతులేస్తాడు. సామ్ వైట్‌లాక్ అలాగే పెనాల్టీ సంపాదించి మ్యాచ్ ముగించాడు.

మెల్‌బోర్న్ మావయ్య

అందరికీ ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం. ఆ సెమీస్‌లో 16-15 అయ్యాక ఇంకా రెండు నిమిషాలు పైనే ఉంది కదా, మళ్లీ కిక్ కొట్టి మొదలుపెట్టింది ఇంగ్లండే. హైదరాబాద్ హీరోస్ ఆడే లీగ్‌లో స్కోరు చేసినవాళ్లే కొడతారు. నేను తప్పుగా చూశానా?

లూజ్‌హెడ్ లింగం

సరిగ్గానే చూశారు మావయ్యా. హీరోస్ ఆడేది సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ), అందులో స్కోరు చేసిన జట్టే రీస్టార్ట్ కొడుతుంది. స్క్రమ్‌లో కూడా ముగ్గురేసే ఉంటారు. పదిహేను మంది ఆటలో స్కోరు ఇచ్చుకున్న జట్టు కొడుతుంది, అంటే ఇప్పుడే ముందుకెళ్లిన జట్టు చేతికే బంతి వస్తుంది. అందుకని వెనకబడిన జట్టు దూరంగా తన్నదు. బంతి 10 మీటర్లు దాటాలి కాబట్టి ఆ గీతకి కాస్త అవతల, ఎత్తుగా వేస్తారు, అది కిందికి దిగేలోపు తమ పొడగరులు అక్కడికి చేరాలని. 10 మీటర్లు చేరకపోయినా, నేల తాకకుండా నేరుగా టచ్‌కి పోయినా ఎదుటివాళ్లు మధ్యలో స్క్రమ్ కోరుకోవచ్చు. ముందున్న జట్టుకి, అందులోనూ వాళ్ల స్క్రమ్ బలంగా ఉంటే, అంతకన్నా మంచి బేరం ఉండదు. కిక్ కొట్టేముందు పొడగరులు ఏ పక్క గుమిగూడారో చూస్తే బంతి ఎటు వస్తుందో తెలిసిపోతుంది, చివరి క్షణంలో రెండో పక్కకి మార్చి కొట్టే గడుసువాళ్లూ ఉంటారనుకోండి.