దీవి ఆకు పెంకుపురుగు: ఒక్క మగ నమూనాతో కొత్త జాతిని వర్ణించవచ్చా?

మొత్తం ఏడు నమూనాలు: మగది ఒకటి, ఆడవి ఆరు. పొడవు 3.1 నుంచి 3.6 మిల్లీమీటర్లు. వెనక తొడలు బాగా ఉబ్బి, లోపలి స్ప్రింగు స్పష్టంగా కనిపిస్తోంది. కాబట్టి గెంతే ఆకు పురుగుల గుంపే. లోపలి రెక్కలు కుంచించుకుపోయాయి, పైరెక్కల భుజాల దగ్గర ఉబ్బు లేదు. దీవుల్లోనూ కొండల మీదా ఇది వేర్వేరు వంశాల్లో విడివిడిగా వచ్చే మార్పే. దాన్ని పట్టుకుని కొత్త ప్రజాతి అనడం తొందరపాటు.

చిక్కంతా మగదానితోనే. అది కోశం విడిచి ఎక్కువ రోజులు కానట్టుంది: ఒళ్లు మెత్తగా, రంగు పాలిపోయి ఉంది. పొట్ట విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచితే ఈడియాగస్ (మగ జననాంగం) శుభ్రంగానే వచ్చింది కానీ, కొన కాస్త ఎడమకు వంగింది. ఇది జాతి లక్షణమా, గట్టిపడకముందే ఎండటంవల్ల వచ్చిన వంకరా? గ్లిజరిన్‌లో నానబెట్టి మళ్లీ కొలిస్తే తేలుతుందా?

హోలోటైప్‌గా, అంటే కొత్త పేరుకు ఆధారంగా నిలిచే ఏకైక నమూనాగా, ఈ మగదాన్నే పెట్టాలా, స్పెర్మథీకా (వీర్యం దాచుకునే సంచి) చక్కగా ఉన్న ఆడదాన్ని పెట్టాలా? జంతువుల నామకరణ నియమావళి ప్రకారం ఏదైనా చెల్లుతుంది. కానీ దగ్గరి జాతులన్నీ మగ అవయవాల మీదే వేరుపడుతున్నాయి.

ఇంకొకటి: వీటిని ఇథైల్ అసిటేట్‌తో చంపారు, దానివల్ల డీఎన్ఏ ముక్కలవుతుంది. ఒక ఆడదాని కాలితో 658 బేస్‌ల సీఓఐ (జాతుల గుర్తింపుకు వాడే జన్యువు ముక్క) మొత్తం రాకపోతే, పొట్టి ముక్కలుగా చదివించడం ఎవరికైనా ఫలించిందా?