సమ్మర్ సెమినార్, ఎస్‌ఎల్‌ఈ, ఎయిమ్: పిల్లల్ని పంపినవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో_నాన్న | జనవరి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదకొండో తరగతి. అన్నాపోలిస్ నేవల్ అకాడమీకి (అమెరికా నేవీ అధికారుల్ని తయారుచేసే కాలేజీ) వెళ్తానంటోంది. ముందు వేసవిలో వాళ్ళు పెట్టే సమ్మర్ సెమినార్‌కి అప్లై చేస్తానని, ఆర్మీ అకాడమీ వెస్ట్ పాయింట్ వాళ్ళ సమ్మర్ లీడర్స్ ఎక్స్‌పీరియన్స్ (ఎస్‌ఎల్‌ఈ)కి కూడా పంపుతానని పట్టుబట్టింది. మెడిసిన్ గురించో కంప్యూటర్ సైన్స్ గురించో అడిగితే మా చుట్టూ పదిమంది చెప్తారు. దీని గురించి చెప్పేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

ఆ వారం అక్కడ ఏం చేయిస్తారు? సెలెక్ట్ అయితే తర్వాత అడ్మిషన్‌కి పనికొస్తుందా? మా పిల్ల గుడ్డు కూడా ముట్టదు, తిండి ఎలా? వాళ్ళమ్మ టెన్షన్ మాత్రం ఒకటే: "అరుస్తారట కదా!"

చెసాపీక్_అమ్మ

ఫ్రిస్కో_నాన్న గారూ, మావాడు సెమినార్‌కి వెళ్ళాడు, ఇప్పుడు అక్కడే మూడో ఏడు చదువుతున్నాడు. ముందు ముఖ్యమైన మాట. సెమినార్ అప్లికేషన్ జనవరిలో తెరుస్తారు. అదే అకాడమీకి ప్రాథమిక అప్లికేషన్‌గా కూడా పనిచేస్తుంది. కాబట్టి సీటు రాదేమోనని మానేయొద్దు, నింపి పంపండి. సెమినార్‌కి రానివాళ్ళకీ తర్వాత అడ్మిషన్ వచ్చింది, వెళ్ళినవాళ్ళకీ రాలేదు. రెండు రకాల పిల్లలూ మావాడి బ్యాచ్‌లో ఉన్నారు.

జూన్‌లో విడతలుగా పెడతారు, ఒక్కో విడత దాదాపు వారం. ఫీజు కొన్ని వందల డాలర్లు, ప్రయాణం ఖర్చు మనదే. ఇబ్బంది ఉన్న కుటుంబాలు సహాయం అడగొచ్చు. పిల్లల్ని చిన్న చిన్న దళాలుగా చేసి, ఒక్కో దళాన్ని అక్కడి విద్యార్థులైన మిడ్‌షిప్‌మెన్ చేతికి అప్పగిస్తారు. ఉండేది బాన్‌క్రాఫ్ట్ హాల్‌లో. నాలుగు వేలకు పైగా ఉన్న మొత్తం బ్రిగేడ్, అంటే విద్యార్థులంతా, ఆ ఒక్క భవనంలోనే ఉంటారు. తెల్లవారుజామున లేపి వ్యాయామం చేయిస్తారు, తర్వాత పిల్లలు ఎంచుకున్న సబ్జెక్టుల్లో వర్క్‌షాపులు. మావాడు నౌకా నిర్మాణం తీసుకున్నాడు. చిన్న శిక్షణ నౌకలో నది మీద తిప్పారు. చివర్లో బురదలో, నీళ్ళలో పరుగులు, దుంగలు మోయడం. మొదటి ఏడాది వాళ్ళకి పెట్టే సీ ట్రయల్స్‌కి అది చిన్న నమూనా.

అరుపుల సంగతి వాళ్ళమ్మ గారికి చెప్పండి: గొంతు పెంచి మాట్లాడతారు, వరుసలో తప్పుగా నిలబడితే సరిచేస్తారు, అంతే. అసలైన ప్లీబ్ సమ్మర్ (కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చే శిక్షణ) సీటు వచ్చాక, కాలేజీ మొదలయ్యే ముందు ఉంటుంది, ఏడు వారాల దాకా. అది వేరే లోకం. సెమినార్‌లో కష్టం లేదని ప్లీబ్ సమ్మర్ కూడా ఇంతేననుకుంటే మాత్రం పొరపాటు.

తిండి గురించి ఫారంలో ముందే రాయండి. పాస్తా, పళ్ళు, సలాడ్, వేరుశనగ వెన్న, బ్రెడ్‌తో వారం గడిచిపోతుంది. నాలుగేళ్ళకి మాత్రం పిల్ల తనంతట తాను ఆలోచించుకోవాలి. నౌక మీద వంటగది మన చేతిలో ఉండదు.

హడ్సన్_క్యాడెట్

అంకుల్, నేను వెస్ట్ పాయింట్‌లో చదువుతున్నాను, పెరిగింది న్యూజెర్సీలో. ఎస్‌ఎల్‌ఈ కూడా ఒక వారమే, జూన్‌లో. క్లాసులు, సైనిక శిక్షణ రుచి చూపించడం, ఆటలు, రాత్రి క్యాడెట్లతో కబుర్లు. మా విడతలో సీఎఫ్‌ఏ కూడా అక్కడే పెట్టారు. అది అకాడమీ అడ్మిషన్‌కి ఇచ్చే శారీరక పరీక్ష. మోకాళ్ళ మీద కూర్చుని బాస్కెట్‌బాల్ విసరడం, పుల్-అప్స్, షటిల్ రన్, క్రంచెస్, పుష్-అప్స్, చివరికి మైలు పరుగు. అన్నీ వెంటవెంటనే చేయాలి కాబట్టి విడివిడిగా బాగా చేసేవాళ్ళు కూడా పరుగు దగ్గరికొచ్చేసరికి డీలా పడతారు. చెల్లిని ఇప్పటి నుంచే వరుసగా అన్నీ కలిపి ప్రాక్టీస్ చేయమనండి. మన ఇళ్ళల్లో ఎస్‌ఏటీ కోచింగ్‌కి ఇచ్చే టైంలో పావు వంతు దీనికి ఇచ్చినా చాలు.

ఇంకో మాట అంకుల్. ఆ వారంలో పిల్లలకి దొరికే అసలైన విలువ రాత్రి కబుర్లలోనే ఉంది. బ్రోషర్‌లో ఉన్నవి అడగకుండా, "నీకు మానేయాలనిపించిన రోజు ఏది? ఎందుకు ఉండిపోయావు?" అని క్యాడెట్‌ని అడగమనండి. దాచకుండా చెప్తారు. నేను అడిగిన సీనియర్ చెప్పిన జవాబు వల్లే ఇక్కడికి వచ్చాను.

రాకీ_తల్లి

మా అబ్బాయి వెళ్ళింది ఎయిర్‌ఫోర్స్ అకాడమీ సెమినార్‌కి, కొలరాడో స్ప్రింగ్స్‌లో. ముందుగా ఎత్తు సంగతి. ఆ క్యాంపస్ 7,258 అడుగుల ఎత్తులో ఉంటుంది. హ్యూస్టన్‌లో రోజూ పరిగెత్తే పిల్లాడికి మొదటి రోజు తలనొప్పి, ఆయాసం. నీళ్ళు బాగా తాగించాలి, వీలైతే ఒకట్రెండు రోజులు ముందే వెళ్ళాలి.

మా ఇంట్లో ఈ పిచ్చి రాజా చారి గారి వల్ల పట్టుకుంది. 2021లో క్రూ-3 కమాండర్‌గా అంతరిక్షానికి వెళ్ళారు కదా, ఆయన ఈ అకాడమీలో 1999 బ్యాచ్. ఆయన నాన్నగారు హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చినవారు. మావాడు గదిలో ఆయన ఫొటో పెట్టుకున్నాడు.

అలాంటి పిల్లాడు సెమినార్ నుంచి తిరిగొచ్చి, "అమ్మా, ఎగరడం ఇష్టమే, కానీ ఈ జీవితం నాది కాదు" అన్నాడు. పైలట్ అయితే శిక్షణ తర్వాత పదేళ్ళు సర్వీస్ చేయాలని అక్కడే కూర్చుని లెక్క వేసుకున్నాడట. మావారు చాలా బాధపడ్డారు. నాకైతే ఆ వారానికి పెట్టిన ప్రతి డాలరూ సార్థకం అనిపించింది. పదిహేడేళ్ళ పిల్లాడు మాకోసం, ఆ ఫొటో కోసం కాకుండా తన కోసం నిర్ణయం తీసుకున్నాడు. ఇప్పుడు ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సంతోషంగా ఉన్నాడు.

కోరుకొండ_పాతకాపు

నేను విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాను. ఖడక్‌వాస్లా ఎన్‌డీఏకి (మన దేశపు నేషనల్ డిఫెన్స్ అకాడమీ) వెళ్ళాలంటే మాకు రాత పరీక్ష, తర్వాత అయిదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ. ఆ అయిదు రోజులూ వాళ్ళు మనల్ని చూస్తారు, సెలెక్ట్ అయ్యేదాకా మనం అకాడమీ లోపల అడుగుపెట్టం. ఇక్కడ పిల్లలు ముందే వెళ్ళి అకాడమీని చూసి రావచ్చు. మా బ్యాచ్‌లో ఎందరికో ఈ అవకాశం ఉండుంటే ఎంత బాగుండేదో. రాకీ_తల్లి గారూ, మీ అబ్బాయి నిర్ణయం నాకు చాలా నచ్చింది.

ఇర్వింగ్_కిరణ్

మావాడు పదో తరగతి, హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నాడు. గ్రీన్ కార్డు క్యూ సంగతి తెలిసిందే. వాడికి దారి ఉందా?

చెసాపీక్_అమ్మ

కిరణ్ గారూ, సూటిగా చెప్తున్నా, ఏమీ అనుకోకండి. అకాడమీలో చేరే రోజుకి అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్-4తో కుదరదు, గ్రీన్ కార్డు కూడా చాలదు. విదేశీ విద్యార్థులు కొద్దిమంది ఉంటారు గానీ వాళ్ళని ఆయా దేశాల ప్రభుత్వాలు పంపుతాయి. ఆర్‌ఓటీసీ (మామూలు కాలేజీలో చదువుతూ అధికారి శిక్షణ పొందే దారి) స్కాలర్‌షిప్‌కీ పౌరసత్వమే అడుగుతారు. పిల్లాడికి ఈ విషయం ఇప్పుడే చెప్పండి, ఆశ పెంచుకున్నాక చెప్తే ఇంకా కష్టం.

న్యూలండన్_కజిన్

కోస్ట్ గార్డ్ అకాడమీని ఎవరూ తలుచుకోలేదు! కనెక్టికట్‌లో, న్యూ లండన్‌లో ఉంది. వాళ్ళ ప్రోగ్రాం పేరు ఎయిమ్, జూలైలో. మా పెద్దమ్మ మనవరాలు వెళ్ళింది. తను చెప్పినదాని ప్రకారం అక్కడ క్రమశిక్షణ బాగా గట్టిగా ఉంటుంది, నిజంగానే అరుస్తారు. మిగతా అకాడమీల్లా దీనికి కాంగ్రెస్ నామినేషన్ (సెనేటర్ లాంటివాళ్ళు పేరు సిఫార్సు చేయడం) అక్కర్లేదు. చిన్న అకాడమీ, అందుకని సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

ఫ్రిస్కో_నాన్న | జూన్

అన్నాపోలిస్ సెమినార్‌కి పిలుపు వచ్చింది, ఎస్‌ఎల్‌ఈకి రాలేదు. వెళ్ళి వచ్చింది. తననే రాయమన్నాను, కింద ఉన్నవి తన మాటలు.

"అందరికీ థాంక్స్. హడ్సన్_క్యాడెట్ అన్నయ్య చెప్పిన ప్రశ్న మా దళం లీడర్‌ని అడిగాను. మొదటి ఏడాది తన తాతగారు చనిపోయిన వారం మానేద్దామనుకుందట. తన రూమ్మేట్లు వంతులేసుకుని తన పనులు చేసి నిలబెట్టారట. నిద్ర సరిపోదని, మొదటి ఏడాది వారాంతాల్లో కూడా బయటికి వెళ్ళే స్వేచ్ఛ తక్కువని కూడా చెప్పింది. సముద్ర శాస్త్రం వర్క్‌షాప్ నాకు అన్నిటికంటే నచ్చింది. బురదలో దుంగ మోసేటప్పుడు చేతులు పడిపోతాయనిపించింది, కానీ పక్కవాళ్ళు వదల్లేదని నేనూ వదల్లేదు. తిండికి ఇబ్బంది పడలేదు. నేను అప్లై చేస్తున్నాను. మూడో ఏడాది క్లాసులు మొదలయ్యేలోపు మానేస్తే సర్వీస్ బాకీ (నేవీలో పనిచేయాల్సిన బాధ్యత) ఉండదని, ఆ తర్వాత అయితే ఉంటుందని అమ్మకి వివరించాను. అమ్మ ఇంకా ఆలోచిస్తోంది."

ఇప్పుడు నామినేషన్ల సంగతి, మెడికల్ సంగతి ఎవరైనా చెప్పగలరా? చిన్నప్పుడు తనకి కొద్దిగా ఆస్తమా ఉండేది.

చెసాపీక్_అమ్మ

బంగారు తల్లీ, చాలా సంతోషం! అమ్మని తొందరపెట్టకు.

ఫ్రిస్కో_నాన్న గారూ, మెడికల్ పరీక్ష చూసే బోర్డుని డాడ్‌మెర్బ్ అంటారు. ఆస్తమా విషయంలో వాళ్ళు చూసేది 13 ఏళ్ళు నిండాక ఉందా లేదా అని. పాత రికార్డులన్నీ ఇప్పుడే తెప్పించుకోండి, ఆఖరిసారి ఇన్‌హేలర్ ఎప్పుడు రాశారో తేదీ కావాలి. ఏదీ దాచొద్దు. అభ్యంతరం వచ్చినా మినహాయింపు అడిగే దారి ఉంది.

నామినేషన్‌కి మీ ఇద్దరు సెనేటర్లు, మీ జిల్లా కాంగ్రెస్ సభ్యుడు, ఉపాధ్యక్షుడి కార్యాలయం, అందరికీ విడివిడిగా పెట్టండి. ఒక్కో ఆఫీసుది ఒక్కో ఫారం, ఒక్కో గడువు. చాలా ఆఫీసుల గడువు శరదృతువులోనే ముగిసిపోతుంది. టీచర్ల సిఫార్సు ఉత్తరాలు స్కూలు తెరవగానే అడగండి. ఇంటర్వ్యూలో మావాడిని "ఈ ఏడాది రాకపోతే ఏం చేస్తావు?" అని అడిగారు. ఆర్‌ఓటీసీలో చేరి మళ్ళీ ప్రయత్నిస్తానన్నాడు. అమ్మాయిని కూడా దీనికి సిద్ధంగా ఉండమనండి.