అప్‌డేట్: 3-4 ఓటములు, డబుల్స్ పాయింట్

మాది అమెరికాలో ఎన్‌సీఏఏ (కళాశాల క్రీడల సంస్థ) డివిజన్ 1, అంటే పై స్థాయిలో ఆడే మహిళల టెన్నిస్ జట్టు. 1, 2 స్థానాల సింగిల్స్ బలంగా ఉన్నా మ్యాచ్‌లు 3-4తో ఎందుకు చేజారుతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. లోపం డబుల్స్‌లోనూ కింది కోర్టుల్లోనూ (5, 6 స్థానాల సింగిల్స్) ఉందన్న మీ మాటే నిజం.

మొత్తం 7 పాయింట్లు: ఆరు సింగిల్స్‌కు ఆరు, మూడు డబుల్స్‌లో రెండు గెలిచిన జట్టుకు ఒకటి. డబుల్స్ అంటే 6 గేముల ఒక్క సెట్, అదీ నో-యాడ్‌లో, అంటే 40-40 అయ్యాక వచ్చే ఒక్క పాయింటే గేమ్‌ను తేల్చేస్తుంది. ఒక్కసారి సర్వీస్ కోల్పోతే కోలుకునే వ్యవధే దొరకదు.

అందుకని వారానికి మూడు రోజులు 40 నిమిషాలు దీనికే కేటాయించాం. ప్రతి గేమూ 40-40 దగ్గర మొదలు. సర్వ్, రిటర్న్, మొదటి వాలీ (బంతి నేల తాకకముందే కొట్టడం), అంతే. 40-40 దగ్గర ఏ వైపు రిటర్న్ అన్నది అందుకునే జట్టు ఇష్టం కాబట్టి అది ఎవరు తీసుకోవాలో ప్రతి జంటా ముందే తేల్చుకుంటుంది. జంటలను సింగిల్స్ స్థానాన్ని బట్టి కలపడం మానేశాం; నెట్ దగ్గర చొరవగా కదిలే అమ్మాయి పక్కన నిలకడగా రిటర్న్ చేసే అమ్మాయిని పెట్టాం. ఇదే అన్నిటికన్నా పనిచేసింది.

5, 6 కోర్టులు ఇంకా కుదరలేదు. సీజన్‌లో వారానికి 20 గంటలే అనుమతి, మ్యాచ్ రోజుకు 3 గంటలు లెక్క. వారానికి రెండు మ్యాచ్‌లుంటే సాధనకూ జిమ్‌కూ కలిపి మిగిలేది 14. ఆ ఇద్దరికీ క్రాస్‌కోర్ట్ (మూల నుంచి ఎదుటి మూలకు కొట్టే) ర్యాలీ నిలకడ మీదే పని నడుస్తోంది.