జనగణన డ్యూటీ: సగం స్లాబు సగం పెంకుల ఇల్లు, ఏం రాయాలి?

గోదారి_టీచర్:
నమస్కారం అండి. 2027 జనగణనకి ఇళ్ల లిస్టింగ్ డ్యూటీ పడింది నాకు, ఇప్పట్నుంచే వీధిలో ఏ ఇల్లు చూసినా డౌటే. ఒక ఇంట్లో ముందు రెండు గదులకి స్లాబ్ వేశారు, వెనక పాత పెంకుటిల్లు అలాగే ఉంచి లోపల ప్లైవుడ్ సీలింగ్ కొట్టించారు. పైకప్పు కింద ఏది రాయాలి? అన్నదమ్ములిద్దరూ అందులోనే ఉంటారు, పొయ్యిలు వేరు, మరి ఒక ఇల్లా రెండా? వాళ్లమ్మగారైతే ఇప్పుడే అడిగేస్తున్నారు "ఇవన్నీ రాసుకెళ్లి ఇంటి పన్ను పెంచుతారా బాబూ" అని.

పాత_ఎన్యూమరేటర్:
మాస్టారూ, పోయిన 2011 జనగణనకి 2010లో ఇళ్ల లిస్టింగ్ నేను చేశాను, అప్పటి రూల్స్ చెప్తున్నా, ఈసారివి ట్రైనింగ్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఎక్కువ భాగం దేనితో కప్పి ఉంటే అదే రాయాలి. సీలింగ్ లెక్కలోకి రాదు, పైన ఎండకీ వానకీ ఉండే కప్పే చూడాలి. పెంకుల్లో కూడా చేత్తో చేసినవి, మెషీన్‌వి వేరే కోడ్లు. సగం గొట్టంలా వంపు తిరిగుంటే చేత్తో చేసిన నాటు పెంకు, సాపుగా ఉండి గాడితో ఒకదాన్నొకటి పట్టుకుంటే మెషీన్ మీద చేసిన మంగళూరు పెంకు, చూరు దగ్గర నించుంటే తెలిసిపోతుంది. ఇక అన్నదమ్ములది, వీధిలోకో ఉమ్మడి వాకిట్లోకో మెట్ల మీదికో ఎవరి గుమ్మం వాళ్లకుంటే రెండిళ్లు, గుమ్మం ఒకటే అయి పొయ్యిలు వేరైతే ఒకే ఇల్లు రెండు కుటుంబాలు.

సీమ_పిల్లోడు:
మా కర్నూలు పక్క పాత మిద్దెలు చూసి కాంక్రీటు అని రాసేస్తారు సార్ కొందరు, పైకెక్కి చూస్తే కదా తెలిసేది, దూలాలు దంతెల మీద చౌడు మట్టి! అది మట్టి, కట్టె కోడ్‌లోకి పోతుంది. ఇంట్లో నేలకి బేతంచెర్ల బండలుంటే రాయి అని రాయాల, టైల్స్ కాదు. గదులు లెక్కేసేటప్పుడు వరండా, బాత్రూము, విడిగా ఉండే వంటగది వదిలేయాల. వండేది పడుకునేది ఒకే గదిలో అయితే మాత్రం అది గదే. గదంటే 2 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 2 మీటర్ల ఎత్తయినా ఉండాల, మెట్ల కింద మూల గది కాదు.

గోదారి_టీచర్:
చాలా క్లియర్‌గా చెప్పారండి ఇద్దరూ. మరి పన్ను సంగతి?

వరంగల్_అన్న:
అమ్మకు సాఫ్‌గ చెప్పుండ్రి సార్, జనగణన చట్టం 1948ల సెక్షన్ 15 ఉన్నది, మీరు రాసుకున్న కాగితం ఎవ్వరికీ చూపెట్టరు, కోర్టుల సాక్ష్యంగ గూడ పనికిరాదు. పన్ను ఏసెటోళ్ల లెక్క వేరే. కని జనం భయం ఉత్తగ పోదు. మా దిక్కు 2014 ఆగస్టు 19న ఒక్క దినంల ఇంటింటి సర్వే అయినప్పుడు, పేరు రాయించకుంటె రేషన్ పోతదని బస్సులు పట్టుకొని ఊర్లకు ఉరికిన్రు, ఇప్పుడు అదే జనం రాయిస్తె పోతదంటున్నరు. బండి ఉన్నదా, ఫ్రిజ్ ఉన్నదా అని షురూ చేస్తె అన్నిటికి లేదనే అంటరు. ముందుగాల ఇంటి ముచ్చట అడుగుండ్రి, గోడ, కప్పు, నల్లా, మోరి, గవి అయినంక బండి కాడికి రాండ్రి.